వెనకాల వెడల్పు టైర్లు: ఆల్ వీల్ డ్రైవ్ కారుకి నప్పుతాయా?

"అన్నా, మొన్నే ఆల్ వీల్ డ్రైవ్ కారు తీసుకున్నాను. వెనక రెండు చక్రాలకీ వెడల్పు రిమ్ములు, వెడల్పు టైర్లు వేయిస్తే లుక్కు అదిరిపోతుంది. ఏమైనా ఇబ్బంది ఉంటుందా?"

అమెరికా వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, మొదటిసారి మనసుకు నచ్చిన కారు కొన్న కుర్రాళ్లు తరచుగా అడిగే సందేహం ఇది. జవాబు ముందే చెప్పేస్తాను తమ్ముడూ. వెడల్పు వల్ల పెద్ద గొడవ లేదు, అసలు గొడవ చుట్టుకొలతతోనే.

ముందు సన్నం, వెనక వెడల్పు ఉండే ఈ స్టాగర్డ్ పద్ధతి వెనక చక్రాలకే శక్తి వెళ్లే బలమైన కార్లకు బాగా పనికొస్తుంది. ఇంజిన్ బలమంతా వెనకే పడుతుంది కాబట్టి అక్కడ రబ్బరు ఎక్కువ కావాలి. నీ కారు సంగతి వేరు, దాంట్లో నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తుంది. చాలా ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలుపుతూ మధ్యలో ఒక డిఫరెన్షియలో, క్లచ్ పలకల దొంతరో ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు, వెనక చక్రాల వేగంలో వచ్చే కొద్దిపాటి తేడాను అది సర్దుతుంది. మలుపు అయ్యాక దానికి విశ్రాంతి దొరకాలి. వెనక టైరు పెద్దదైపోతే, తిన్నగా ఉన్న హైవే మీద కూడా ముందు చక్రాలు ఎక్కువ చుట్లు తిరుగుతూనే ఉంటాయి. క్లచ్ పలకలు ఆగకుండా రాసుకుంటాయి, ఆయిల్ వేడెక్కుతుంది, చివరికి ముందుకీ వెనక్కీ శక్తిని పంచే పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, పోతుంది. పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలినప్పుడు ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు కారు కుదుపుతుంటే, అనుమానించాల్సింది దాన్నే.

ఇప్పుడు లెక్క చూద్దాం. టైరు మీద 245/40 ఆర్18 అని ఉందనుకో. వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 98. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457.2. పక్కగోడ పైనా కిందా ఉంటుంది కనుక మొత్తం వ్యాసం 653.2 మిల్లీమీటర్లు. మనవాళ్లు మొదటి అంకె ఒక్కటే పెంచి 275/40 ఆర్18 కొనేస్తుంటారు. దాని వ్యాసం 677.2. తేడా 24 మిల్లీమీటర్లు, దాదాపు 3.7 శాతం. వెనక చక్రం వెయ్యి చుట్లు తిరిగితే ముందు చక్రం ఇంకో 37 చుట్లు అదనంగా తిరగాలి. చక్రం జారుతోందనుకుని డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్, స్టెబిలిటీ హెచ్చరిక లైట్లు వెలిగినా ఆశ్చర్యం లేదు.

మధ్య అంకె తగ్గించి 275/35 ఆర్18 వేస్తే వ్యాసం 649.7కి దిగుతుంది. తేడా 3.5 మిల్లీమీటర్లే, అర శాతం. "ఇక ఫర్లేదు కదా" అంటావు. కారును బట్టి ఉంటుంది. సుబారు అయితే నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం దాటకూడదంటుంది. అది 6.35 మిల్లీమీటర్లు. మన 3.5 వ్యాసంలో తేడా, చుట్టుకొలతలో అది 11 అవుతుంది. అంటే కాగితం మీద బాగానే కనిపించే జోడీ కూడా సుబారుకి పనికిరాదు.

మరి బీఎండబ్ల్యూ ఎక్స్5కి కంపెనీయే ముందు 275/45 ఆర్20, వెనక 305/40 ఆర్20 ఇస్తోంది కదా? ఇస్తోంది. లెక్క కడితే అక్కడా తేడా 3.5 మిల్లీమీటర్లే. అయితే ఆ ట్రాన్స్‌ఫర్ కేసుతో, ఆ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి ఇచ్చిన కొలతలవి. టెస్లా మోడల్ వై పర్ఫార్మెన్స్ ఇంకా దూరం పోయింది. ముందు 255/35 ఆర్21, వెనక 275/35 ఆర్21, తేడా 14 మిల్లీమీటర్లు. అయినా నడుస్తుంది. ఎందుకంటే ముందొక మోటారు, వెనకొక మోటారు, రెంటినీ కలిపే షాఫ్టే లేదు. అది చూసి పెట్రోలు కారుకి అదే జోడీ వేయించుకోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

ఇంకో చిక్కుంది. రెండు కంపెనీలు ఒకే సైజు అని ముద్ర వేసిన టైర్లు నిజంగా ఒకే కొలతలో ఉండవు. అందుకే సైజు చూసి వదిలేయకుండా, టైరు వివరాల్లో మైలుకి ఎన్ని చుట్లు అని రాసిన అంకె పోల్చు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కొను.

ఇవన్నీ చూశాక నా మాట: నాలుగు చక్రాలకీ ఒకే వెడల్పు, ఒకే సైజు వేయించు. నాలుగింటికీ 265/35 ఆర్18 వేశావనుకో, వ్యాసం పదిన్నర మిల్లీమీటర్లు తగ్గి స్పీడోమీటరు కాస్త ఎక్కువ చూపిస్తుంది, అంతే. నాలుగూ సమానం కనుక మధ్యలోని క్లచ్‌కి బాధ లేదు. పైగా ముందు కూడా పట్టు పెరుగుతుంది. స్టాగర్డ్‌లో వెనకే పట్టు పెరిగి, మలుపులో ముందు భాగం బయటికి జారే గుణం ఇంకా ఎక్కువవుతుంది. ఎక్కువ ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి ఆ జబ్బు ముందే ఉంది. టైర్లు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చుకునే వీలు కూడా స్టాగర్డ్‌లో పోతుంది. దాంతో ముందొక రకంగా, వెనకొక రకంగా అరిగి, కష్టపడి కుదిర్చిన కొలత మళ్లీ చెడుతుంది. 8 మిల్లీమీటర్ల గాడి 4కి అరిగితే వ్యాసం 8 తగ్గినట్టే.

రిమ్ము కొనేటప్పుడు ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మధ్య గీతకీ అది హబ్‌కి ఆనే చోటుకీ మధ్య మిల్లీమీటర్లలో దూరం, చూడకపోతే టైరు దాని పైనుండే ఫెండర్ రేకుకి రాసుకుంటుంది. 8.5 అంగుళాల వెడల్పు, 55 ఆఫ్‌సెట్ నుంచి 9.5 అంగుళాలు, 38 ఆఫ్‌సెట్‌కి వెళ్తే చక్రం దాదాపు 30 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. లోపలి వైపు మాత్రం నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ పెరుగుతుంది. టైరు మోయగల బరువు సూచిక పాత టైరు కన్నా తగ్గకూడదు. మంచు పడే రాష్ట్రంలో ఉంటే చలికాలానికి సన్నటి సెట్ వేరే పెట్టుకో. వెడల్పు టైరు మంచు మీదా, నిలిచిన నీళ్ల మీదా తేలిపోతుంది.

వారంటీ గురించి కొత్తవాళ్లకి భయం ఎక్కువ. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం బయటి వీల్స్ వేశావన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయలేరు. కానీ పాడైంది ఆ టైర్ల వల్లే అని తేలితే ఆ రిపేరుకి ఇవ్వనక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు పోయి, కింద కొలత కలవని టైర్లుంటే వాళ్లు తేల్చడానికి ఎక్కువసేపు పట్టదు. లీజు కారైతే పాత వీల్స్ అమ్మకు, తిరిగి ఇచ్చేటప్పుడు అవే అడుగుతారు. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పు సంగతి చెప్పు. కొత్త రిమ్ముల్లో గాలి ఒత్తిడి సెన్సార్లు పెట్టించు, బిగించాక 50 నుంచి 100 మైళ్ల మధ్య నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూసుకో.