నేరోబోట్‌లో తుప్పు పట్టిన సైలెన్సర్ మార్చడం: ఎక్కడ కోయాలి, ఏది తిప్పకూడదు

తుప్పు పట్టిన సైలెన్సర్‌కు ఎగ్జాస్ట్ బ్యాండేజీ చుట్టి నెట్టుకురావచ్చా, లేదా కారు సైలెన్సర్ పెట్టొచ్చా అన్న ప్రశ్నకు ముందు సూటిగా జవాబు: బ్యాండేజీ చుట్టి నెట్టుకురావద్దు, కారు సైలెన్సర్ కూడా పెట్టొద్దు. మీరు రాసిందాన్ని బట్టి బోటు 57 అడుగుల నేరోబోట్ (బ్రిటన్ కాలువల మీద నడిచే సన్నని బోటు), క్రూయిజర్ స్టెర్న్ (వెనక తెరిచిన డెక్, దాని కింద ఇంజన్), రబ్బరు మౌంట్ల మీద బీఎంసీ 1.8 డీజిల్ ఇంజన్, డ్రై ఎగ్జాస్ట్ (పొగలో చల్లబరిచే నీళ్లు కలపని రకం). సైలెన్సర్ అడుగున స్క్రూడ్రైవర్ దిగిపోతోంది, ఇంజన్ చుట్టూ మసి పేరుకుంది, బోట్ సేఫ్టీ తనిఖీ (బ్రిటన్ కాలువ బోట్లకు చేసే భద్రతా తనిఖీ) దగ్గర పడింది. స్క్రూడ్రైవర్ దిగిందంటే లోపలి పలకలు ఎప్పుడో పోయి ఉంటాయి. పైన ఏం పూసినా వారం పది రోజుల ముచ్చటే.

కారు సైలెన్సర్ ఎందుకు వద్దంటే, అది గాలి ఆడే చోట ఉండేది. కాస్త కారినా పొగ రోడ్డు మీదే పోతుంది. బోటులో ఆ పొగ ఇంజన్ బే నుంచి క్యాబిన్‌లోకి వస్తుంది, మీరు పడుకునేది అక్కడే. పైగా దాని రేకు పల్చన, జాయింట్లు క్లాంపులతో బిగించేవి. బోట్లకని చేసే సైలెన్సర్ మందపాటి మైల్డ్ స్టీల్‌తోనో స్టెయిన్‌లెస్‌తోనో ఉండి, రెండు కొసలా బీఎస్పీ (బ్రిటిష్ ప్రమాణపు పైపు) మరలతో వస్తుంది. దాన్నే కొనండి.

ఇది లోపలి నుంచి ఎందుకు కుళ్లిందో తెలియకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పైపు వేడిగా ఉన్నంతసేపూ అది బయటికే పోతుంది. బ్యాటరీలు చార్జ్ చేయడానికి ఇంజన్‌ని గంటో అరగంటో ఐడిలింగ్‌లో నడిపితే మాత్రం సైలెన్సర్ పూర్తిగా కాగదు, ఆవిరి లోపలే నీరై అడుగున నిలుస్తుంది. క్రూయిజర్ స్టెర్న్ బోట్లలో సైలెన్సర్ కిందుగా, హల్ (బోటు గోడ) లోంచి పొగ బయటికి పోయే అవుట్‌లెట్ దానికంటే పైన ఉండటం మామూలే. అలాంటప్పుడు ఆ నీటికి వేరే దారి లేదు. అందుకే అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉన్న సైలెన్సరే అడగండి. మిగతా హంగులకంటే అదే ముఖ్యం.

కొనేముందు కొలతలు. ఇక్కడ చాలామంది పొరబడతారు. బీఎస్పీ సైజు పైపు బయటి కొలత కాదు. బయటి వ్యాసం సుమారు 42 మి.మీ. ఉంటే అది 1¼ అంగుళం, 48 ఉంటే 1½, 60 ఉంటే 2 అంగుళాలు. టేపు పెట్టి 48 చూసి, రెండంగుళాలకు దగ్గరే కదా అని 2 అంగుళాలది తెప్పిస్తే ఏదీ ఎక్కదు. వెర్నియర్‌తో కొలవండి. సైలెన్సర్ పొడవు, దాని ఒంటి (మధ్య డబ్బా) వ్యాసం, కొసలు నడిమధ్యన ఉన్నాయా పక్కకా, మరలు బయటున్నాయా లోపలా, అన్నీ రాసుకుని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పాతదాని కంటే సన్నని పైపు ఎక్కడా రానివ్వకండి. బ్యాక్‌ప్రెషర్ (పొగ బయటికి పోనివ్వని ఎదురు ఒత్తిడి) పెరిగితే నల్లపొగ వస్తుంది, ఇంజన్ బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది.

పైపుల మీది పాత లాగింగ్‌ని (వేడి బయటికి రాకుండా చుట్టే పట్టీని) విప్పేముందు ఒక్క నిమిషం ఆగండి. బ్రిటన్‌లో తెల్ల ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. బోటు అంతకంటే పాతదై, ఎగ్జాస్ట్ మీద తెల్లగా తాడులాగో పట్టీలాగో చుట్టి ఉండి, అదేమిటో తెలియకపోతే గీకొద్దు, చింపొద్దు. నమూనా పరీక్ష ఎలా చేయించాలో ల్యాబ్‌ను అడగండి. ఆస్బెస్టాస్ అని తేలితే తీయడం ఆ పని చేసేవాళ్లకే వదిలేయండి. మామూలు గ్లాస్‌ఫైబర్ పట్టీ అయినా మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పదు.

ఇక విప్పడం. రెండు రోజుల ముందు నుంచే ప్రతి మరకీ, మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే పోత భాగం) దగ్గరి ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పైపు అంచు) నట్లకీ పెనెట్రేటింగ్ ఆయిల్ పొద్దునా సాయంత్రం పట్టించండి. పని రోజున గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేసి, బ్యాటరీలను ఐసొలేట్ చేయండి. అప్పుడే చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి డెక్ బోర్డులు తీసి బాగా గాలి ఆడనివ్వండి. బిల్జ్‌లో (బోటు అడుగున) నూనె, డీజిల్ ఉంటే తుడిచేయండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. నిప్పురవ్వలు చిమ్మే గ్రైండర్ కంటే హ్యాక్సా, లేదా రెసిప్రొకేటింగ్ రంపం మేలు.

ఏళ్లుగా తుప్పు తిన్న సైలెన్సర్‌ను బలవంతంగా తిప్పి విప్పాలని చూడొద్దు. దానికి అటూఇటూ ఉన్న రెండూ దానికంటే విలువైనవి: ఒకవైపు మ్యానిఫోల్డ్, రెండోవైపు హల్‌కు వెల్డ్ చేసిన అవుట్‌లెట్ సాకెట్. 24 అంగుళాల స్టిల్సన్ (పైపు పట్టే) రెంచ్ వేసి వేలాడితే ముందు సైలెన్సర్ రేకు మెలిపడుతుంది, తర్వాత ఆ బలమంతా వెల్డ్ మీద పడుతుంది. అవుట్‌లెట్ నీటిమట్టానికి కొద్ది అంగుళాల పైనే ఉంటుంది. అక్కడ పగులు వస్తే సైలెన్సర్ పని కాస్తా హల్ పని అవుతుంది. కాబట్టి సైలెన్సర్‌కు రెండు వైపులా పైపును కోసి ఒంటిని బయటికి తీసేయండి, మిగిలిన ముక్కల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అవుట్‌లెట్ సాకెట్‌లో మిగిలిన ముక్కను ఒక స్టిల్సన్‌తో తిప్పేటప్పుడు, రెండోదానితో సాకెట్‌ను కదలకుండా పట్టుకోవాలి. రాకపోతే సాకెట్ అంచుకు 10, 15 మి.మీ. వదిలి కోసి, ఒట్టి హ్యాక్సా బ్లేడును లోపల పెట్టి ఆ ముక్కను నిలువునా రెండు చోట్ల కోయండి. సాకెట్ మరలు తగలబోతుండగా ఆపేయాలి.  సన్న ఉలితో ఆ ముక్కను లోపలికి ఒత్తితే మరల నుంచి వదులుతుంది. ఓపిక పట్టాల్సిన చోటు ఇదే. మ్యానిఫోల్డ్ వైపు అయితే పైపుతో కుస్తీ పట్టకండి. ఫ్లాంజ్ విప్పి ఎల్బోతో (వంపు పైపుతో) సహా తీసి, వైస్‌లో పెట్టి చూసుకోండి. నట్టును ఒకేసారి విప్పకుండా కొద్దిగా వదులు, మళ్లీ కొద్దిగా బిగింపు, ఇలా ముందుకూ వెనక్కూ చేస్తే స్టడ్ విరగదు. మ్యానిఫోల్డ్ అల్యూమినియం పోతదైతే బ్లోల్యాంప్ (మంటతో వేడి చేసే పరికరం) జోలికి పోవద్దు.

బిగించేటప్పుడు వరస ఇది: మ్యానిఫోల్డ్ ఫ్లాంజ్‌కు కొత్త గాస్కెట్, ఎల్బో, స్టెయిన్‌లెస్ బెల్లోస్ (వంగే ముడతల గొట్టం), సైలెన్సర్, హల్ అవుట్‌లెట్. రబ్బరు మౌంట్ల మీది ఇంజన్ ఊగుతుంది, హల్ ఊగదు. ఆ తేడాను బెల్లోస్ ఒక్కటే భరిస్తుంది. బెల్లోస్ వంగుతుంది గానీ మెలి తిప్పితే పగులుతుంది. మరలు బిగించేటప్పుడు ముడతల భాగాన్ని పట్టుకోకుండా దాని చివరి నట్టుకే రెంచ్ వేయండి. సైలెన్సర్ బరువు బెల్లోస్ మీద పడకుండా హల్‌కు బ్రాకెట్ వేసి పట్టించండి. సైలెన్సర్‌కు ఒకవైపైనా యూనియన్ (విప్పదీసుకునే పైపు జాయింట్) గానీ ఫ్లాంజ్ గానీ పెట్టించుకుంటే వచ్చేసారి రంపం అక్కర్లేదు.

మరలకు టెఫ్లాన్ టేపు వాడొద్దు. అది 260 డిగ్రీలు దాటితే పాడవుతుంది, పైగా విషపు పొగలు. ఎగ్జాస్ట్ పేస్టును మగ మర (బయటి వైపున్న మర) మీద మాత్రమే పల్చగా పూయండి. ముందుముందు విప్పాల్సిన నట్లకూ స్టడ్లకూ కాపర్ గ్రీజు చాలు.

లాగింగ్ చుట్టడానికి ముందే మైల్డ్ స్టీల్ భాగాలకు 600 డిగ్రీలకు పైగా తట్టుకునే పెయింటు వేయండి. పట్టీ తేమ పడితే వదలదు, రంగు లేని ఇనుమును బయటి నుంచి తినేస్తుంది. 50 మి.మీ. పట్టీని 15 మి.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుడితే, 1½ అంగుళం పైపు ఒక మీటరుకు సుమారు నాలుగున్నర మీటర్ల పట్టీ పడుతుంది. 150 మి.మీ. వ్యాసం, 400 మి.మీ. పొడవున్న సైలెన్సర్‌కు ఇంకో ఐదున్నర మీటర్లు. 15 మీటర్ల రోల్ ఒకటి సరిపోతుంది. కొసలకు స్టెయిన్‌లెస్ టైలు వాడండి. డ్రెయిన్ ప్లగ్‌ను మాత్రం కప్పేయకండి. డీజిల్ గొట్టాల జాయింట్ ఏదైనా దీని పైన ఉంటే చెమ్మ లేకుండా ముందే సరిచేయండి, నూనె పీల్చిన లాగింగ్ అంటుకుంటుంది.

పరీక్షను లాగింగ్ చుట్టకముందే చేయాలి. చల్లగా ఉన్న ఇంజన్‌ని స్టార్ట్ చేసి, మొదటి నిమిషంలోనే ప్రతి జాయింట్ మీదా సబ్బునీళ్లు పూయండి. ఇంకొకరు గ్లవ్ వేసుకుని మందపాటి గుడ్డతో అవుట్‌లెట్‌ను రెండు మూడు సెకన్లు మూస్తే, ఎక్కడ కారినా బుడగలు లేస్తాయి, బుస్సుమనే చప్పుడూ వినిపిస్తుంది. అంతా సరిగా ఉంటే లాగింగ్ చుట్టి, డెక్ బోర్డులు తెరిచే ఉంచి ఒక గంట కాలువ మీద నడపండి. కట్టేసిన చోట గేరులో నడిపితే ఒడ్డు కోతపడుతుంది. కొత్త పట్టీ, పెయింటు మొదట కాలేటప్పుడు పొగ, వాసన వస్తాయి, తర్వాత తగ్గుతాయి. పూర్తిగా చల్లారాక బ్రాకెట్లు, ఫ్లాంజ్ నట్లు మరోసారి బిగించండి, పది గంటలు నడిచాక ఇంకోసారి చూడండి.

క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. వసతి ఉన్న బోట్లకు 2019 ఏప్రిల్ నుంచి బోట్ సేఫ్టీ తనిఖీలో అది చూస్తున్నారు. బోట్లకు సరిపోయే ప్రమాణం ఈఎన్ 50291-2, పెట్టె మీద ఆ సంఖ్య చూసి కొనండి.

ఇక డ్రెయిన్ ప్లగ్. చలికాలంలో వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కింద ఓ పాత డబ్బా పెట్టి విప్పండి. నల్లటి నీళ్లు వస్తే మామూలే, అవి కాలువలోకి కాకుండా డబ్బాలోకే పోనివ్వండి. ప్లగ్ మరకు కాపర్ గ్రీజు రాసి మళ్లీ బిగించండి.