ఎల్‌వ్యాడ్ పెట్టిన మనిషిని పల్లెలో చూసుకోగలమా?

అన్నా, మీ నాయనకు ఎల్‌వ్యాడ్, అంటే నీరసించిన గుండెకు సాయంగా రక్తాన్ని తోసే పంపు, పెట్టాలన్నారనీ, ఆదోని దగ్గర మీ ఊళ్లో కరెంటు పోతుంటుంది కాబట్టి ఇంట్లో చూసుకోగలమా అని భయంగా ఉందనీ అడిగారు. చూసుకోగలరు. మాది అనంతపురం పక్కన పల్లె. మా నాయనకు బెంగళూరులో హార్ట్‌మేట్ 3 అనే పంపు పెట్టి మూడేళ్లయింది.

కరెంటుకు దారి ఉంది. నిండా ఛార్జయిన రెండు బ్యాటరీలు కలిసి పది గంటలకు పైనే వస్తాయి. ఇంకో జత ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉండాలి. రాత్రి నాయన పంపును ప్లగ్గుకు పెట్టి పడుకుంటాడు. కరెంటు పోతే అలారం మోగుతుంది, పంపును నడిపే చిన్న పెట్టె, అదే కంట్రోలర్‌లో 15 నిమిషాల బ్యాకప్ ఉంటుంది, ఆలోపు బ్యాటరీలకు మార్చేస్తాం. కంట్రోలర్‌కు కరెంటు తెచ్చే రెండు వైర్లూ ఒకేసారి మాత్రం ఎప్పుడూ తీయకూడదు.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. మొదటి ఎండాకాలం, మే నెలలో నాయన కళ్లు తిరిగి కూలబడ్డాడు. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకుపోతే అక్కడి మనిషి నాడి పట్టుకుని, లేదని తల ఊపాడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఈ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంది కాబట్టి నాడి చేతికి తెలియకపోవచ్చు, మామూలు బీపీ మిషన్ కూడా ఒక్కోసారి చూపించదు. నేను ఛాతీ మీద చెవి పెట్టాను. సన్నగా మోత వినిపించింది. పంపు నడుస్తోంది! కంట్రోలర్ మీద లో ఫ్లో అలారం, అంటే పంపులో రక్తం పారడం తగ్గిందని. ఆస్పత్రి కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి, ఆమె చెప్పినట్టు సెలైన్ పెట్టించాం.

కారణం నీళ్లు. పంపుకు ముందు రోజుకు లీటరున్నరే తాగమన్నారు, నాయన ఆ అలవాటు వదల్లేదు. ఒంట్లో నీళ్లు తగ్గితే పంపుకు తోయడానికి రక్తం చాలదు. ఇప్పుడెంత తాగాలో మీ డాక్టర్‌ను ఖచ్చితంగా అడగండి, మన ఎండల సంగతి చెప్పి మరీ అడగండి.

పంపు నుంచి పొట్టలోంచి బయటికి వచ్చే వైరు దగ్గర ఇన్ఫెక్షన్ రానీయకూడదు. డ్రెస్సింగ్ నేనొక్కడినే, మాస్క్ వేసుకుని, ఫ్యాన్ ఆపి చేస్తాను. వైరు లాగుడుపడకుండా బెల్టు పెడతాం. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడాలి, ఆకుకూరలకు ఆ మందు పని మారుతుంది కాబట్టి గోంగూర, తోటకూర ఒక వారం గంపెడు, ఇంకో వారం అసల్లేకుండా కాకుండా ఒకే మాదిరిగా తినాలి. షాపులో నొప్పి మాత్రలు కొనివ్వకండి, రక్తస్రావం కావచ్చు.

ఆ మే నెల తర్వాత తెలుగులో ఒక కాగితం రాసి పంపు సంచికి కట్టాను: "నాడి దొరక్కపోవచ్చు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి మోత వినండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." మీరూ రాయండి. నాయన ఇంటికి రాకముందే దాన్ని ఊళ్లో ఆర్‌ఎంపీకీ, 108 వాళ్లకూ చూపించి రండి.