ఇంగ్లండ్ పల్లెల్లో పాత చర్చిలన్నీ ఒకేలా ఉంటాయా? మా నాన్నతో బ్లైబరా వెళ్ళొచ్చాక నా జవాబు

మీరు అడిగింది: లండన్ దాటి ఎటు వెళ్ళినా ఊరికో రాతి చర్చి కనిపిస్తోంది, లోపలికి వెళ్తే ఏం చూడాలో తెలియట్లేదు, చరిత్ర చదవనివాళ్ళకి వాటిలో చూడ్డానికి ఏమైనా ఉందా అని.

ఉంది. కాకపోతే పది చర్చిలు తిరక్కండి, ఒక్కటి పట్టుకుని తీరిగ్గా చూడండి. నేను ఇప్స్‌విచ్ దగ్గర ఉంటాను, కంప్యూటర్ ఉద్యోగం, చరిత్రతో సంబంధం లేదు, మేం క్రైస్తవులం కూడా కాదు. మొదటి నాలుగేళ్ళు ఈ చర్చిల పక్క నుంచి కారులో వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ ఆగలేదు. వాటిని చూడటం నేర్పింది మా నాన్న. ఆయన ముప్ఫై ఏళ్ళు తాపీమేస్త్రీగా చేసిన మనిషి, ఇంగ్లీషు రాదు, కాబట్టి బోర్డులు చదవడు, గోడలు చదువుతాడు.

మేం వెళ్ళింది సఫోక్‌లో బ్లైబరా అనే ఊరికి (ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి "బ్లైత్‌బర్గ్" అనుకోకండి, నేనూ అలాగే అని నవ్వులపాలయ్యాను). ఇప్స్‌విచ్ నుంచి ఏ12 మీద ఉత్తరంగా గంటలోపు ప్రయాణం. బ్లైత్ నది సముద్రంలో కలిసేముందు పరుచుకునే బురద నేలల పక్కన, చిన్న దిబ్బ మీద హోలీ ట్రినిటీ చర్చి కనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు దాన్ని చిత్తడి నేలల కెథీడ్రల్ అంటారు. నిజానికి కెథీడ్రల్ కాదు, బిషప్ ఉండడు, మామూలు ఊరి చర్చి. కారు దిగగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "ఇంత గుడి కట్టారు, మరి ఊరేదిరా?"

నన్నడిగితే, ఈ చర్చిల దగ్గర వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే. ఇప్పుడక్కడ ఉండేది కొన్ని వందల మంది. 15వ శతాబ్దంలో అది రేవు ఊరు, మార్కెట్ ఊరు, పక్కనే సన్యాసుల మఠం. తర్వాత నదిలో మేట వేసి ఓడలు రావడం తగ్గింది, రాజు 8వ హెన్రీ కాలంలో మఠం మూతపడింది, ఊరు చిక్కిపోయింది, చర్చి మాత్రం అదే సైజులో మిగిలిపోయింది. అయితే రేవు బాగా నడిచిన రోజుల్లో కూడా జనం పట్టక ఇంత పెద్దది కట్టలేదు. చనిపోయాక ఆత్మ స్వర్గానికి వెళ్ళేముందు కొంతకాలం బాధలు పడాలని, బతికున్నవాళ్ళు ప్రార్థిస్తే ఆ కాలం తగ్గుతుందని అప్పటి నమ్మకం. అందుకని డబ్బున్నవాళ్ళు వీలునామాల్లో చర్చికి రాసిచ్చి, "ఫలానావారి ఆత్మ కోసం ప్రార్థించండి" అని ఇత్తడి రేకుల మీద, రాళ్ళ మీద చెక్కించుకునేవారు. మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు, "తల్లిదండ్రుల జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది కదా, నాన్నకి అలా చెప్తే ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

తర్వాత ఆయన లోపలికి రాకుండా గోడ దగ్గరే ఆగిపోయాడు. సఫోక్‌లో మంచి కట్టుబడి రాయి దొరకదు. దొరికేదల్లా పొలాల్లో, సముద్రం ఒడ్డున ఉండే చెకుముకి రాయి, అది గుండ్రంగా, వంకరటింకరగా ఉంటుంది. దాన్ని పగలగొడితే లోపల నల్లగా, గాజులా నున్నగా ఉంటుంది. ఆ నల్లటి ముఖం బయటికి పెట్టి, మధ్యలో వేరేచోట నుంచి తెప్పించిన తెల్లటి సున్నపురాయిని అక్షరాలుగా, గళ్ళుగా కోసి పొదిగారు. నాన్న మూలల మీద చెయ్యి వేసి, "చూడు, ఈ నల్లరాయికి మూల రాదు, అందుకే మూలకి మాత్రం కొన్న రాయి పెట్టారు, డబ్బెక్కడ ఖర్చయిందో ఇక్కడే తెలుస్తోంది" అన్నాడు. అతుకులు గోటితో గీకి చూసి "గానుగ సున్నమే" అని తేల్చాడు. ఇప్పుడు ఇక్కడ పాత గోడలు బాగుచేసేవాళ్ళు కూడా సిమెంటు వద్దని మొత్తుకుంటారు. సిమెంటు లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు, ఆ చెమ్మకి పాత రాయి పొరలుపొరలుగా రాలిపోతుంది.

అమ్మ తలుపు దగ్గర చెప్పులు విప్పేసింది. ఎవరూ అడగరమ్మా అన్నా వినలేదు, ఆ చల్లటి ఇటుక నేల మీద అలాగే తిరిగింది.

లోపల ముందు కనిపించేది వెలుతురు. పైన వరసలో ఒక్కో పక్క 18 కిటికీలు. జనం నిలబడే భాగానికీ, పూజారి ఉండే తూర్పు భాగానికీ మధ్య చాలా చర్చిల్లో ఒక పెద్ద ఆర్చి ఉంటుంది, ఇక్కడ లేదు, అందుకని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే కప్పు, ఒకే వెలుగు. నిలువు గీతల్లాంటి రాతి కమ్మీలతో పెద్దపెద్ద కిటికీలుండే ఈ పద్ధతిని పర్పెండిక్యులర్ అంటారు. 1350 ప్రాంతం నుంచి దాదాపు రెండొందల ఏళ్ళు ఇంగ్లండ్‌లో ఇదే నడిచింది. ఆర్చి అర్ధచంద్రాకారంలో ఉంటే నార్మన్ల కాలం, అంటే సుమారు 12వ శతాబ్దం, మొన తేలి ఉంటే ఆ తర్వాతిది, స్టైళ్ళ గురించి ఈ మాత్రం తెలిస్తే చాలు. ఒకే చర్చిలో రెండు మూడు కాలాలు కలిసి ఉండటమే మామూలు. బ్లైబరాలో టవర్ 14వ శతాబ్దానిది, మిగతాదంతా 1412 ప్రాంతం నుంచి తిరిగి కట్టింది.

ఇక తల పైకెత్తితే దేవదూతలు. ఓక్ దూలాల మధ్యలో, వీపుకి వీపు ఆనించుకుని, రెక్కలు చాచిన చెక్కబొమ్మలు, ఆనాటి రంగులు వెలిసిపోయి ఇంకా కొంచెం కొంచెంగా కనిపిస్తాయి. కొన్ని పోయాయి, ఉన్నవాటికీ దెబ్బలున్నాయి. ఇక్కడే నేను పప్పులో కాలేశాను. మాతోపాటు వచ్చిన ఇంకో రెండు కుటుంబాల ముందు గైడులా పోజు కొట్టి, "క్రాంవెల్ (1640లలో రాజుతో యుద్ధం చేసిన నాయకుడు) సైనికులు తుపాకులతో కాల్చారు, ఇప్పటికీ వాటిలో తూటాలున్నాయి" అని ఘనంగా చెప్పేశాను. పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ మా చేతి సైగలు చూసి నేనేం చెప్తున్నానో పట్టేసింది, నవ్వుతూ దగ్గరికొచ్చి విషయం చెప్పింది. 1974లో బొమ్మల్ని బాగుచేసినప్పుడు సీసపు గుళ్ళు దొరికిన మాట నిజమే. కానీ అవి 18వ శతాబ్దపు గుళ్ళు. కప్పులో గూళ్ళు కట్టుకున్న జాక్‌డాలని (కాకి జాతి పిట్టలు) కాల్చడానికి చర్చివాళ్ళే మనుషులకి డబ్బులిచ్చినట్టు చర్చి లెక్కల పుస్తకంలో ఉంది. అంటే దేవదూతలకి తగిలింది కాకుల మీద పేల్చిన తూటా.

నా కథ మొత్తం అబద్ధం కాదు. 1644 ఏప్రిల్‌లో విలియం డౌసింగ్ అనే ఆయన నిజంగానే వచ్చాడు. ఈ జిల్లాలోనే లాక్స్‌ఫీల్డ్ మనిషి. చర్చిల్లో విగ్రహాలు, బొమ్మలు తీసేయమని పార్లమెంటు ఆర్డరు వేస్తే, దాన్ని అమలుచేయడానికి కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్‌లలో 250కి పైగా చర్చిలు తిరిగాడు, చాలా చోట్ల తిరుగుడు ఖర్చు కింద 6 షిల్లింగుల 8 పెన్నీలు వసూలు చేశాడు, ఎక్కడేం పగలగొట్టించాడో డైరీ రాసుకున్నాడు. బ్లైబరాలో 20 దేవదూతల్ని దించేయాలని రాశాడు. "ఆత్మ కోసం ప్రార్థించండి" అన్న రాతలు కూడా ఆయన లిస్టులో ఉండేవి. దించమని చెప్పి వెళ్ళిపోయాడు, అంత ఎత్తుకి పరంజా కట్టే ఖర్చు ఎవడు పెడతాడని ఊరివాళ్ళు ఊరుకుని ఉంటారని మా నాన్న అభిప్రాయం. నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది. ఇంకో మాట, గైడులు "క్రాంవెల్" అంటే ఏ క్రాంవెల్ అని అడగండి. మఠాలు మూయించింది 1530లలో 8వ హెన్రీ మంత్రి థామస్, రాజుతో యుద్ధం చేసింది వందేళ్ళ తర్వాత ఆలివర్. చర్చిలో ఏ ముక్కు విరిగినా ఆలివర్ ఖాతాలో వేసేస్తారు పాపం.

బెంచీల చివర్లు తప్పకుండా చూడండి. ఏడు మహాపాపాల బొమ్మలు చెక్కారు. బద్ధకం అంటే మంచం మీద కూర్చున్న మనిషి, పిసినారితనం అంటే డబ్బుపెట్టె మీద కూర్చున్నవాడు, తిండిపోతు రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉంటాడు. మా ఆవిడ ఆ తిండిపోతు పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసింది.

ఉత్తరం తలుపు మీద కాలిన నల్లటి మచ్చలుంటాయి. 1577 ఆగస్టు 4, ఆదివారం, పెద్ద తుఫాను, పిడుగు పడి టవర్ మీది శిఖరం కప్పులోంచి లోపలికి కూలింది, మనుషులు పోయారు. అదే రోజు దగ్గర్లోని బంగీ అనే ఊళ్ళో కూడా ఇలాగే జరిగింది. రెండు చోట్లా నల్ల కుక్క రూపంలో దయ్యం వచ్చిందని కథ కట్టారు, ఆ మచ్చలు దాని గోళ్ళ గుర్తులట. మా వాడికి చర్చి మొత్తంలో నచ్చింది ఈ ఒక్క తలుపే.

1881 నాటికి ఈ చర్చి పరిస్థితి ఎంత అధ్వాన్నమంటే, వాన పడితే జనం లోపల గొడుగులు వేసుకుని కూర్చునేవారు. చివరికి ప్రమాదమని మూసేశారు. ఎలా బాగుచేయాలన్నదాని మీద డిజైనర్ విలియం మోరిస్ 1877లో పెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం వాళ్ళకీ స్థానికులకీ గొడవ. కొత్తదానిలా చేసేయాలని స్థానికులు, పాతదాన్ని నిలబెడితే చాలని సంఘం వాళ్ళు. ఆ లాగులాట, డబ్బుల్లేకపోవడం, రెండూ కలిసి దాన్ని కాపాడాయి, లేకపోతే ఆ రోజుల్లో చాలా చర్చిల్లో జరిగినట్టు ఇక్కడా నిగనిగలాడే టైల్స్ పరిచేవారు.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇది కూడా వినండి. పూజారి ఉండే తూర్పు భాగాన్ని చాన్సెల్ అంటారు. పూర్వం దాని రిపేరు పూజారిది, జనం ఉండే భాగం రిపేరు ఊరివాళ్ళది. కొన్ని చోట్ల ఆ పూజారి బాధ్యత భూమితోపాటు చేతులు మారుతూ ఇప్పటి ఓనర్ల మీదికి వచ్చింది. వార్విక్‌షైర్‌లో ఒక దంపతులకి ఇలాగే రిపేరు బిల్లు వచ్చి, కేసు 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టు) దాకా వెళ్ళి ఓడిపోయారు. నేను ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) బిల్లులో చాన్సెల్ సెర్చ్ అని ఒక లైను చూసి దోచేస్తున్నారని గొడవపడ్డాను, తర్వాత సారీ చెప్పాను. 2013 అక్టోబర్ తర్వాత రూలు మారింది, రిజిస్టర్ చేయని బాధ్యత కొత్తగా కొన్నవాళ్ళకి మామూలుగా అంటదు, అయినా సొలిసిటర్‌ని అడగడంలో తప్పులేదు.

టైముంటే అక్కడికి కాస్త దూరంలోనే ఉన్న వెన్‌హాస్టన్ చర్చికీ వెళ్ళండి. సుమారు 1500 నాటి చెక్కల మీద అంతిమ తీర్పు బొమ్మ వేశారు. ఇంగ్లండ్ కేథలిక్ నుంచి ప్రొటెస్టెంట్‌కి మారిన కాలంలో దానికి సున్నం కొట్టేశారు. 1892లో రిపేర్లప్పుడు పనికిరాని పాత చెక్కలనుకుని బయట పడేస్తే, రాత్రి వాన పడి సున్నం కరిగి, పొద్దున్నకి మొహాలు బయటపడ్డాయి. బొమ్మ మధ్యలో సిలువ, ఇద్దరు మనుషుల ఆకారాలు ఖాళీగా ఉంటాయి, అక్కడ ముందు చెక్కవిగ్రహాలు ఉండేవి, వాటి చుట్టూనే రంగు వేశారన్నమాట. నాన్న అక్కడ అరగంట నిలబడ్డాడు.

రెండు చర్చిలకీ టికెట్ లేదు, పగలు మామూలుగా తెరిచే ఉంటాయి, హుండీలో నాలుగు పౌండ్లు వేయండి. పెళ్ళో చావో ఉంటే లోపలికి వెళ్ళలేరు కాబట్టి ముందు నోటీసు చూసుకోండి. ఎండ ఉన్న పొద్దున పూట వెళ్ళండి, స్వెట్టర్ మర్చిపోవద్దు, జూన్‌లో కూడా లోపల చలే. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్ళండి, ఆ దేవదూతల మొహాలు ఫోన్ జూమ్‌లో సరిగా రావు.