గాడి పెట్టిన చోటే ఐసు ఎందుకు విరుగుతుంది?

ప్రశ్న: మా ఊరి చేపల రేవులో ఐసు అమ్మే ఆయన దిమ్మ మీద రంపంతో వేలి లోతు గాడి కోసి, అందులో గునపం మొన ఆనించి ఒక్క దెబ్బ వేస్తే, దిమ్మ తిన్నగా రెండు ముక్కలవుతుంది. గాడి లేకుండా కొడితే మాత్రం పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఎందుకిలా? మంచు పగలడాన్ని ప్రయోగశాలల్లో పరీక్షిస్తారా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పరీక్షిస్తారు, ఆ పరీక్షలో కూడా ముందు చేసే పని గాడి కోయడమే. ఏ వస్తువైనా తన అసలు బలానికి చాలా ముందే విరగడానికి అందులో దాగిన చిన్న చిన్న బీటలే కారణమని, బలమంతా బీట కొనకు చేరి అక్కడే కేంద్రీకరిస్తుందని 1920లో గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజనీరు గాజు మీద చేసిన పరిశోధనతో నిరూపించాడు. మీ రేవులోని ఆయన గాడి కోసి, ఆ బీట ఎక్కడ మొదలవ్వాలో ముందే నిర్ణయిస్తున్నాడు.

ప్రయోగశాలలో కరిగిన గాలి తీసేసిన శుద్ధజలాన్ని నెమ్మదిగా గడ్డకట్టించి, ఆ గడ్డను చిన్న కమ్మీలుగా కోస్తారు. దాని నుంచి అర మిల్లీమీటరు మందాన పలుచని పొర తీసి, రెండు పోలరాయిడ్ పలకల మధ్య వెలుతురుకు ఎదురుగా పెడితే, అప్పటిదాకా రంగే లేని మంచు నీలం, నారింజ, ఊదా ముక్కలు అతికిన బొంతలా కనిపిస్తుంది. ఒక్కో రంగు ముక్క ఒక్కో స్ఫటికం. ఈ దృశ్యం అందమైనదే కాదు, అవసరమైనది కూడా, ఎందుకంటే స్ఫటికాలు పెద్దవయ్యే కొద్దీ మంచు లాగుడుకు తేలికగా తెగుతుంది. తరువాత సున్నాకు దిగువన 10 డిగ్రీల చలిగదిలో, కమ్మీకి అడుగున బ్లేడుతో గాడి పెట్టి, రెండు కొసల కింద ఆధారాలుంచి నడిమిన నొక్కుతూ, బీట ఎంత బలానికి పరుగు తీసిందో కొలుస్తారు. బీటను అడ్డుకునే శక్తి మంచుకు మామూలు గాజులో దాదాపు ఏడో వంతే ఉంటుందని ఇలాంటి పరీక్షలే తేల్చాయి.

అయితే నొక్కే వేగాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. అదే మంచును చాలా నెమ్మదిగా అదిమితే పగలకుండా మైనంలా సాగుతుంది. హిమానీనదాలు కొండల మీద నుంచి కిందికి జారడంలో ఈ గుణానికి పెద్ద పాత్ర ఉంది. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలకు చెందిన ఎర్లెండ్ షుల్సన్ బృందం ఈ సాగుడుకూ పగులుకూ మధ్య హద్దును ఏళ్ళ తరబడి పరిశీలించింది.

ఈ రెండు గుణాలూ ఒకే ప్రయత్నంలో ఎదురుపడిన సందర్భం నాకు మరీ ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మంచుతో విమానవాహక నౌక కట్టాలన్న ఆలోచన కోసం, మాక్స్ పెరూట్జ్ లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం బజారు అడుగున ఉన్న శీతల గిడ్డంగిలో చెక్కగుజ్జు కలిపిన మంచును పరీక్షించాడు. (హిమోగ్లోబిన్ నిర్మాణం కనుగొన్నందుకు 1962లో నోబెల్ పొందిన పెరూట్జ్ ఈయనే.) మంచులో ఆ గుజ్జు పీచులు బీటకు అడ్డుపడి దాన్ని ముందుకు సాగనివ్వలేదు. అంటే పగులు సమస్య తీరింది. కానీ సొంత బరువుకే ఆ మంచు మెల్లగా కుంగుతూ వచ్చింది. సున్నాకు దిగువన 15 డిగ్రీల చలిలో ఉంచితే తప్ప ఆ కుంగుడు ఆగలేదు.