పాత ఫొటోలో సరుకు ఓడ పేరు కనిపించకపోతే అది ఏ ఓడో ఎలా తేల్చాలి?

ముందు పొగగొట్టం చూడండి. దాని మీది రంగులు, పట్టీలు కంపెనీ గుర్తు. నలుపు తెలుపు ఫొటోలు బోల్తా కొట్టించేది కూడా ఇక్కడే. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము మీద ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోతుంది. క్లాన్ లైన్ అనే బ్రిటిష్ కంపెనీ ఓడల నల్ల గొట్టానికి రెండు ఎర్ర పట్టీలుండేవి; ఆ ఫిల్ములో అవి నలుపులో కలిసిపోయి, గుర్తే లేదేమో అనిపిస్తుంది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే ఓడల కంపెనీవి నలుపు మీద తెల్ల పట్టీలు కాబట్టి ఆ చిక్కు లేదు. అందుకే గొట్టం ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకండి.

తర్వాత ఆకారం. ముందు, మధ్య, వెనక మూడుచోట్లా డెక్ ఎత్తుగా లేచి ఉంటే 'త్రీ ఐలాండ్' రకం. ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇవే, కాబట్టి పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ ఓడలా అనిపిస్తే ముందు కొస చూడండి: డెక్ ఎత్తు పెరగకుండా సాఫీగా సాగితే లిబర్టీ, అక్కడ మెట్టులా లేస్తే విక్టరీ. కాకపోతే 1941-45 మధ్య ఒకే నమూనాలో 2,700కు పైగా లిబర్టీలు కట్టారు. రకం తెలిసినంత మాత్రాన ఓడ దొరకదు.

ఫొటోను పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేసి వెనక కొస వెతకండి. పేరు చెరిగిపోయినా, దాని కింద రిజిస్టరైన రేవు పేరు ఒక్కోసారి మిగులుతుంది. ఆపైన ఓడల వివరాలు ఏటా అచ్చువేసే లాయిడ్స్ రిజిస్టర్ చూడాలి, అదీ ఫొటో తీసిన కాలం నాటి సంపుటమే. ఓడ చేతులు మారినప్పుడల్లా పేరు మార్చడం మామూలు.