పీఈటీగా నా బోధన బాగుందో లేదో నాకు నేనే ఎలా తెలుసుకోవాలి?

వైజాగ్‌లో హైస్కూల్ పీఈటీ అన్నారు, జోనల్ ఆటల్లో పతకాలొస్తున్నాయి, అంటే బాగా చెబుతున్నట్టేనా అని అడిగారు. పతకాలు తెచ్చేది సాయంత్రం ప్రాక్టీసుకొచ్చే పదిమంది. పీరియడ్లో ఉన్న మిగతా 30 మంది సంగతి వాటిలో తెలియదు. చెమటనూ నమ్మకండి. మన ఉక్కపోతకు లైన్లో ఊరికే నిలబడ్డ పిల్లాడి చొక్కా కూడా తడిసిపోతుంది.

నమ్మదగింది పిల్లలు కదిలిన సమయం. ఒక మాదిరిగా ఆడేవాళ్లు ఇద్దర్నీ, ఎప్పుడూ వెనక నిలబడే ఒకర్నీ మనసులో ఎంచుకోండి, వాళ్లకు చెప్పకండి. హెచ్ఎం అనుమతితో పీరియడంతా సెల్‌ఫోన్లో తీసి, తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కొక్కరు నిజంగా కదిలిన నిమిషాలు లెక్కపెట్టండి. లెక్క అయ్యాక వీడియో తీసేయండి. పీరియడ్లో కనీసం సగం సేపు ఊపిరి వేగం పెరిగేంత శ్రమ ఉండాలన్నది వ్యాయామ విద్యలో వాడుకలో ఉన్న కొలత.

తక్కువొస్తే ముందు లైన్లు చూడండి. 40 మంది ఒకే లైన్లో వాలీబాల్ సర్వీస్ చేస్తే, మనిషికి 15 సెకన్లనుకున్నా మళ్లీ వంతు రావడానికి 10 నిమిషాలు. అరగంటలో మూడు సర్వీసులకు ఎవరికీ చెయ్యి తిరగదు. ఎనిమిదేసి మందితో ఐదు గుంపులు చేయండి. బంతులు రెండే ఉంటే రెండు గుంపులకు సర్వీస్, మిగతా మూడింటికి స్కిప్పింగ్, షటిల్ రన్, గోడకు టెన్నిస్ బంతి విసరడం. 6 నిమిషాలకోసారి మార్చితే అందరికీ ఆరేసి సర్వీసులు పడతాయి, ఎవరూ ఎక్కువసేపు ఖాళీగా ఉండరు.

ఇక మీ మీద మీకున్న నమ్మకం. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య భావన ప్రకారం అది పనిపనికీ వేరుగా ఉంటుంది. కబడ్డీ ఆడి వచ్చిన మాస్టారికి కబడ్డీలో నూటికి 90 ఉండి, జిమ్నాస్టిక్స్‌లో 30 ఉండొచ్చు. అందుకే మొత్తానికి ఒకే మార్కు వేసుకోకండి. కొత్త ఆట మొదలుపెట్టే ముందు, 'ఈ 40 మందిలో ఎంతమంది పదింట ఆరు సర్వీసులు నెట్ దాటిస్తారు?' అని మీ అంచనా రాసుకోండి. ఆరు పీరియడ్ల తర్వాత పరీక్షించి, వచ్చిన అంకె పక్కనే రాయండి. అంచనా కన్నా తగ్గితే నేర్పే పద్ధతి మార్చాలి. మొదటే బాగా తక్కువ వేసుకున్న ఆటను మీరు తెలియకుండానే తప్పిస్తున్నారేమో చూసుకోండి.

కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు పెట్టిన ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లోని 600 మీటర్ల పరుగును కొలతగా వాడితే, అదే గ్రౌండు, అదే వేళ ఉండాలి. డిసెంబరు ఉదయాన్ని ఏప్రిల్ ఎండతో పోల్చకూడదు. చిన్న గ్రౌండులో మలుపులెక్కువ, టైమూ పెరుగుతుంది. పైగా తొమ్మిదో తరగతి పిల్లాడు ఏడాదిలో ఎదిగినందుకే కొంత వేగం పెరుగుతాడు, దాన్ని మీ బోధన లెక్కలో కలపకండి.