డబ్బా విప్పే ముందు

అమ్మలూ,

నీ కంప్యూటర్‌కి కొత్త మదర్‌బోర్డు, అదే భాగాలన్నీ తగిలించే పలక, వేస్తున్నావని, విప్పడం బిగించడం కూడా నువ్వేనని మీ నాన్న చెప్పాడు. "అన్నయ్యా, అది సీపీయూని ఏదో చేస్తుందట, పేలిపోదు కదా?" అని కూడా అడిగాడు. సీపీయూ అంటే లెక్కలు చేసే ప్రాసెసర్ చిప్ ఒక్కటే, వాడికి మాత్రం ఇప్పటికీ డబ్బా మొత్తం. పేలదని చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. మన ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టే రెండో మనిషివి నువ్వే అన్న సంతోషం కొంత, నేను చేసినట్టే నువ్వూ చేస్తావేమోనన్న టెన్షన్ కొంత.

నీది బీ450 బోర్డు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 రకం. దాని మీద రైజెన్ 5 2600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. ఇప్పుడు ఏఎం5 బోర్డు మీద మనసు పడ్డావు. పడు, తప్పులేదు. కానీ ఆ సాకెట్ వేరు, కాబట్టి ప్రాసెసర్ కొనాలి. అది డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, కాబట్టి ర్యామ్ కొనాలి. రెండు రకాల ర్యామ్‌కీ 288 పిన్నులే అయినా గాడి వేరే చోట ఉంటుంది. నొక్కినా దిగదు, నొక్కకు కూడా. నువ్వు బోర్డు మారుస్తున్నానని చెబుతున్నావు గానీ, నిజానికి సగం కంప్యూటర్ కొంటున్నావు.

అసలు ఏది నెమ్మదిగా ఉందో చూశావా? టాస్క్ మేనేజర్ తెరిచిపెట్టి, నువ్వు రోజూ చేసే వీడియో ఎడిటింగే చెయ్యి. ర్యామ్ నిండిపోతుంటే ర్యామ్ పెంచు. డిస్క్ వంద శాతం దగ్గర ఇరుక్కుంటే డిస్క్ మార్చు. కోర్లన్నీ, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలన్నీ, నిండితే దాని సంగతి చూద్దాం. బోర్డు పేరు ఇందులో ఎక్కడా రాలేదు చూడు. దాని అంతట అది వేగం ఇవ్వదు, వేగమైన వస్తువుల్ని తగిలించుకోనిస్తుంది, అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2011లో నా సిస్టమ్ 775 సాకెట్‌ది. ఫోల్డర్ తెరవాలంటే నిమిషం పట్టేది. అప్పుడప్పుడు లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. అప్పటికే ఎంతోమందికి సిస్టమ్‌లు బిగించి ఇచ్చినవాణ్ణి, నాకు ఒకరు చెప్పాలా! ఆ ఏడాదే వచ్చిన 1155 సాకెట్ బోర్డు చూసి మోజుపడ్డాను. మూడు వారాలు మోడళ్లు పోల్చి పోల్చి, బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్ అన్నీ కొన్నాను. పాత హార్డ్ డిస్క్ మాత్రం బాగానే ఉందిగా అని అదే తగిలించాను.

కొత్త బోర్డు మీద కూడా ఫోల్డర్ తెరవడానికి నిమిషమే పట్టింది. డ్రైవర్ల తప్పనుకున్నాను. సీ డ్రైవ్‌లో విండోస్ మళ్లీ వేశాను, మళ్లీ వేశాను. కొన ఊపిరితో ఉన్న డిస్క్ చేత రాత్రంతా చాకిరీ చేయించాను. ఎనిమిదో రోజు అది బయాస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు బోర్డు మీద నడిచే ప్రోగ్రామ్‌లోనే, కనిపించడం మానేసింది. డిస్క్ తన ఆరోగ్యం తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టు ఒకటుంటుంది. ఒక్కసారి తెరిచి చూసుంటే, చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క అక్కడే కనిపించేదేమో.

అందులో మీ నాయనమ్మ నీకు అక్షరాలు దిద్దిస్తున్న వీడియో ఉంది. పదకొండు నిమిషాలు. బండి ఱ రాయనని నువ్వు మొండికేస్తే, "పోనీలేవే, దాంతో నాకే ఎప్పుడూ పని పడలేదు" అని నవ్వేసింది. కంప్యూటర్ పాడై వీడియో పోయిందని మీ నాన్నకి చెప్పాను. కొత్త కంప్యూటర్ నిక్షేపంగా ఉంది. బోర్డు ఎంచుకోవడానికి మూడు వారాలు దొరికిన నాకు, ఇంకో కాపీ తీయడానికి అరగంట దొరకలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

అందుకని ముందు బ్యాకప్. రెండు చోట్ల. ఒకటి డబ్బాకి దూరంగా, వేరే గదిలో పెట్టు. కాపీ చేసిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడు, వినపడిందా? డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. బోర్డు మార్చినా, బయాస్ మార్చినా విండోస్ అది అడగొచ్చు.

నన్నడిగితే ఉన్న బోర్డునే ఉంచు. కోర్లు చాలట్లేదని తేలితే రైజెన్ 7 5700ఎక్స్ వెయ్యి, ఎనిమిది కోర్లు. నీ బోర్డు మోడల్‌కి ఏ బయాస్ కావాలో తయారీదారు సైట్లో చూసి, పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చెయ్యి. కొత్తది పెట్టాక చేద్దామంటే తెరే రాకపోవచ్చు. యూపీఎస్ లేకుండా మాత్రం ముట్టుకోకు. డిస్క్, కార్డులు బోర్డుతో మాట్లాడే పీసీఐఈ దారి 3.0 రకం, పాతదని బెంగ వద్దు, దాని మీద మంచి ఎస్‌ఎస్‌డీ సెకనుకి 3 జీబీ పైన చదువుతుంది. విండోస్ 11 కోసమే అయితే, అది ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో నీ 2600 కూడా ఉంది. బయాస్‌లో టీపీఎం అనే భద్రతా సదుపాయం ఆన్ చెయ్యి.

పోర్టులు చచ్చిపోయినా, బోర్డు మీద కరెంటు నిలవచేసే కెపాసిటర్లు ఉబ్బినా, ఎనిమిది కోర్లూ చాలని పని నీకు నిజంగానే ఉన్నా అప్పుడు ఏఎం5 కొను. నేనే దగ్గరుండి ఎంచిపెడతాను.

ఒక్కటి మర్చిపోయాను. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్‌ని నిటారుగా లాగితే, రెండింటి మధ్య ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడిరావొచ్చు, పిన్నులు వంగొచ్చు. కాసేపు సిస్టమ్ నడిపి, వేడెక్కాక ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తియ్యి.

ముందు ఆ టాస్క్ మేనేజర్ ఫోటో పంపు. విప్పే రోజు వీడియో కాల్ చెయ్యి. నేనేం మాట్లాడను, చూస్తూ కూర్చుంటాను. కూలర్ తీసేటప్పుడు మాత్రం మాట్లాడతానేమో.

మీ పెదనాన్న